మందుచీటి విలువ

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధి, విద్యార్థివసతిగృహము, వివాహవ్యయముల తగ్గింపు మున్నగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై మందుచీటివంటి యల్పవస్తువును గూర్చి ముచ్చటించుట కవకాశ మొసగిన కార్యవర్గమువారికి నా వందనములు. నలువదియేండ్లు వైద్యవృత్తియందుండి నేను నేర్చినదానిలో మీకు చెప్పదగినది యిదియే. మన యిండ్లలో బీరువామూలను ముడతలుపడియుండి తుదకు పాతకాగితముల వానికి పోవు మందుచీటి ఒకరి ప్రాణమునకే కాదు, ముఖమెఱుగని వేలకొలది జనుల ప్రాణములకును రక్షయగును.

మొదట మా యింటి సంగతి చెప్పెదను. మా మేనత్తగారికి మూత్రవ్యాధికై సల్ఫాజాతి మందొకటి యిచ్చిరి. మూడవనాటికి ఒడలంతయు దద్దురులు లేచినవి, పెదవులు పొక్కినవి. మందు మానిన పిదప తగ్గినది. "ఆ మందు ఆమెకు పడలేదు" అని యందఱము అనుకొంటిమి గాని, దాని పేరు కాగితముపై వ్రాసియుంచినవారు లేరు. నాలుగేండ్లకు ఆమె కూతురి యింటికి వేఱొక పట్టణమునకు వెళ్లినపుడు అదే వ్యాధి తిరుగబెట్టెను. అచ్చటి డాక్టరు "మీకు పడని మందేదైన నున్నదా?" యని యడిగెను. "ఏదో తెల్లమాత్ర, బాబూ" అని ఆమె చెప్పెను. తెల్లమాత్రలు లోకమున వేనవేలు గలవు. మరల ఆ జాతి మందే యిచ్చిరి. ఈ మాఱు చర్మము పొరలుపొరలుగా నూడిపోయెను. ప్రాణము దక్కెను గాని ఒక కంటిచూపు పోయెను. ఆ డాక్టరును నేను తప్పుపట్టను. ఆయన అడుగవలసినది అడిగెను, మేమే చెప్పలేకపోతిమి. ఇంట వైద్యుడుండియు ఒక చీటి వ్రాసియుంచనివాడను నేను.

ఇందు రెండవ నష్టముకూడ గలదు. మా అత్తగారికి మందు రెండుమాఱులు వికటించినను, ఆ సంగతి యే లెక్కలోనికిని ఎక్కలేదు. ఆమె బాధ మఱియొకరికి పాఠము కాలేదు.

"మందులను అమ్మకమునకు ముందే పరీక్షింతురు గదా, మన చీటీలతో పనియేమి?" అని మీరడుగవచ్చును. పరీక్షింతురు, నిజమే. కాని యా పరీక్షలలో పాల్గొనువారు సాధారణముగా కొన్నివేలమంది మాత్రమే. పదివేలమందిలో ఒక్కరికి కలుగు కీడు ఒక్కమాఱైనను కంటపడునని నమ్మకముగా చెప్పవలెనన్న, సుమారు 30,000 మందికి ఆ మందిచ్చి చూడవలెను. మఱియు గర్భవతులు, మిక్కిలి వృద్ధులు, మూత్రపిండములు చెడినవారు పెక్కుపరీక్షలలో చేర్చుకొనబడరు. మన యింటి తాతగారో, చక్కెరవ్యాధికొకటి, రక్తపుపోటునకొకటి, మోకాళ్లకొకటి వేసికొని, పైన నాటుమందును సేవింతురు. అట్టివారియందు ఒక మందెట్లు పనిచేయునో, అది బజారులోనికి వచ్చినపిమ్మటనే తెలియును. అనగా, నిజమైన పెద్దపరీక్ష మన యిండ్లలోనే జరుగుచున్నది; దాని ఫలితమును వ్రాయువారు మాత్రము లేరు.

ఈ వ్రాతలేమి యెంత కీడు చేయునో ప్రపంచ మొకమాఱు చూచినది. 1957లో పశ్చిమజర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు అమ్మకమునకు వచ్చెను. గర్భిణుల వేవిళ్లకును దానిని వాడిరి. చేతులు, కాళ్లు సరిగా నేర్పడని శిశువులు పదివేలమందికి పైగా జన్మించిరి. జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మక్‌బ్రైడ్ అను వైద్యులు తమయొద్దకు వచ్చిన తల్లులకును ఈ మందునకును గల సంబంధమును కనిపెట్టి 1961లో లోకమునకు చాటిరి. ఆ దుఃఖమునుండియే 1964లో బ్రిటనులో "పసుపుకార్డు" పద్ధతి పుట్టెను. మందు వికటించెనని యనుమానము కలిగిన వైద్యుడు ఆ కార్డు నింపి పంపును. 1968లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దేశదేశముల నివేదికలను ఒకచోట చేర్చ నారంభించెను. నేడు స్వీడనులోని ఉప్సాలా నగరకేంద్రమున మూడుకోట్లకు పైబడిన నివేదికలు గలవు.

నివేదికలు అనుమానమును మాత్రము కలిగించును. దానిని తూచి చూచుటకు సాధారణ వైద్యపత్రములు కావలెను. ఇందులకొక నిదర్శనము. 1999లో అమెరికాలో అనుమతి పొందిన రోఫెకాక్సిబ్ అను కీళ్లనొప్పుల మందును, అది కడుపులో పుండ్లు తక్కువగా చేయునని, లక్షలకొలది జనులు వాడిరి. కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అను సంస్థ తన సభ్యులకు డాక్టరును, మందును, ఆసుపత్రిని తానే సమకూర్చును. కావున ఎవరికి ఏ మందు ఎన్నడిచ్చిరో, ఎవరికి గుండెజబ్బు వచ్చెనో, రెండును అచ్చటి కంప్యూటరులలో నుండెను. డేవిడ్ గ్రాహం మున్నగువారు ఈ తరగతి నొప్పిమందులు వాడిన సుమారు 14 లక్షలమంది పత్రములను పరిశీలించిరి. తీవ్రమైన గుండెజబ్బు కలిగినవారు 8,143 మంది కనబడిరి. వారిని, వయస్సునందును ఇతరవిషయములందును సాటియై రోగము రానివారితో పోల్చిచూచిరి. రోఫెకాక్సిబ్‌ను హెచ్చుమోతాదున వాడినవారికి, సెలెకాక్సిబ్ అను సాటిమందు వాడినవారికంటె, అపాయము మూడురెట్లకు మించియుండెను. వేఱొక పరీక్షయందును గుండెకు కీడు కనబడుటచే 2004 సెప్టెంబరులో ఆ మందును బజారునుండి తీసివేసిరి. ఆ పత్రముల పరిశోధన 2005లో వెలువడెను. ఆ 14 లక్షలమందిలో ఎవరును పరిశోధనకని మందు మ్రింగలేదు. తమ నొప్పికై మ్రింగిరి. వారి చీటీలు భద్రముగా నుండుటయే లోకోపకారమైనది.

అయినను, లెక్కలున్నంతమాత్రమున సత్యము చేతికి చిక్కదు. అమెరికాలో 1976 నుండి లక్షకు పైబడిన నర్సుల యారోగ్యవృత్తాంతములను సేకరించిరి. బహిష్టులుడిగిన పిదప హార్మోనుమాత్రలు వాడినవారికి గుండెజబ్బు తక్కువగా కనబడెను. వైద్యులు సంతోషించి లక్షలమందికి వ్రాసియిచ్చిరి. పిమ్మట 16,608 మంది స్త్రీలను చీట్లువేసినట్లు రెండు భాగములుచేసి, ఒకరికి మందును, ఒకరికి ఉత్తమాత్రను ఇచ్చి చూడగా, మందు తిన్నవారికే గుండెజబ్బు కొంత హెచ్చుగా కనబడెను. 2002లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపిరి. తొలిలెక్క తప్పుదారి పట్టించుటకు ముఖ్యకారణములలో నొకటి యిది: స్వయముగా మాత్రలు వాడిన స్త్రీలు ముందునుండియే చదువును, స్థితియును, ఆరోగ్యమునందు శ్రద్ధయును గలవారు. గుడికి కారులో వచ్చువారు దీర్ఘాయుష్మంతులైనచో, అది కారు మహిమయని తలంపరాదు గదా! కావున పత్రములు నిండుగా నుండవలెను. వానిని చదువువారు వివేకులై యుండవలెను.

మన దేశమునందు 2010లో ఔషధనిఘా కార్యక్రమ మారంభమయ్యెను. గాజియాబాదులోని భారత ఔషధకోశ సంఘము దానికి జాతీయకేంద్రము. మందు వికటించినచో రోగియైనను, బంధువైనను 1800-180-3024 అను ఉచిత టెలిఫోనుద్వారా స్వయముగా తెలుపవచ్చును. ఈ సంగతి మనలో నెందఱెఱుగుదురు?

ఇక మీ మనస్సులోని శంకను నేనెఱుగుదును. "మా పిల్లకు మూర్ఛవ్యాధికి మందు వాడుచున్నామని నలుగురికి తెలిసినచో సంబంధము కుదురునా?" ఇది చిన్నభయము కాదు. ముఖ్యముగా మనవంటి సంఘమున, ఒకరి యింటిమాట మఱునాటికి పదియూళ్లకు ప్రాకును. కావున పరిశోధకులకు ఇచ్చు పత్రమున పేరును, ఊరును తొలగింపవలెను. వయస్సు, వ్యాధి, మందు, ఫలితము చాలును. ఎవరి పత్రమైనను వారి సమ్మతిలేక పరులచేతికి పోరాదు. ఈ నమ్మకము కలుగనిచో జనులు నిజము చెప్పరు. నిజము చెప్పనిచో లెక్కలు వ్యర్థములు.

కావున ఈ మహాసభకు నా విన్నపములు మూడు. మన సంఘము జరుపు ఉచితవైద్యశిబిరములలో పొట్లములు పంచి పంపుట చాలదు. ప్రతిరోగికిని మందుపేరు, మోతాదు, తేదీ తెలుగున వ్రాసిన చీటి యొసగవలెను. ప్రతి గృహమునందును ఒక నోటుపుస్తక ముండవలెను; దాని మొదటిపుటలో ఇంటివారిలో ఎవరికి ఏ మందు పడదో పెద్ద యక్షరములతో వ్రాయవలెను. మూడవది, మన వసతిగృహములలో చదివి డాక్టరులును, ఔషధశాస్త్రపట్టభద్రులును అయిన యువకులు, యువతులు, తమ యూరిలో మందు వికటించిన ప్రతి సంగతిని పైకి తెలుపుట తమ విధిగా నెంచవలెను.

ఇందు వ్యయము స్వల్పము. దాతలు భవనములు కట్టించి తమ పేరులు శిలలపై చెక్కించుకొనుట మంచిదే. పేరులేక పోయినను పదిమందిని కాపాడు దానము ఈ చీటియందు గలదు. మా మేనత్తగారు నేడు లేరు. ఆమె పోయిన పిదప ఆమె ట్రంకుపెట్టెలో వెదకితిని; పెండ్లిశుభలేఖలు, పన్నురసీదులు అన్నియు భద్రముగా నుండెను. మందుచీటి యొక్కటియు లేదు. మీ యిండ్ల పెట్టెలలో ఆ లోటు లేకుండుగాక!