తూము దగ్గర నిలబడి



జోగులాంబ గుడి, నవబ్రహ్మ ఆలయాలు, షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్న ఊరు మనది. మతం మీద మాట మొదలైతే పెద్దలు ‘నదులన్నీ సముద్రంలోకే’ అంటారు. తగువు రాకుండా కాచే మంచి మాటే. కానీ మన వైపు సాగునీరిచ్చే ఆర్డీఎస్ కాలువ చివర పొలమున్న రైతు ఆ మాట విని ఇంటికి పోడు. తూము దగ్గర నిలబడి, నీళ్లు వచ్చాయా లేదా అని చూస్తాడు.

నేను క్రైస్తవుణ్ణి. నా విశ్వాసాన్నీ అట్లాగే చూడమంటాను. యేసు సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడన్నది జరిగిన సంగతి గురించిన మాట. జరిగిందా అని ఎవరైనా అడగొచ్చు. జరగకపోతే మన విశ్వాసం వట్టిదేనని అపొస్తలుడైన పౌలే కొరింథు సంఘానికి రాశాడు. గాయాలు చూస్తే గానీ నమ్మనన్న శిష్యుడు తోమాను యేసు వెళ్లగొట్టలేదు.

ఈ దారిలో నాకు గురువు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టారు, పాలమూరులో తానూ మిషనరీగా పనిచేశారు. మన వైపు పల్లె మీద ‘కొండూరు’ అని 1971లో పుస్తకం వేశారు. 1982లో రాసిన వ్యాసంలో తన చదువులోని లోటు ఒప్పుకున్నారు. రోగానికి క్రిమి, మోక్షానికి దేవుడు: ఆయన నేర్చుకున్నది ఈ రెండే. దిష్టి, గాలి సోకడం, గ్రామదేవత కోపం, అంటే పల్లె జనం రోజూ తలపడే నడిమి లోకం అందులో లేదు. మూఢనమ్మకమని కొట్టేస్తే వాళ్ల భయానికి జవాబు దొరకదు. ఊరికే తలూపితే విచారించడం మానేసినట్టే. సత్యం ఉంది, మనకు కనబడేది కొంతే, కాబట్టి అవతలివాళ్లు చెప్పేదీ వినాలన్నది ఆయన పట్టు.

ఆయన రాసిన ఒక సంగతి చెబుతాను. ఒక పల్లెలో మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నను బలివ్వాలని ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు మేం ఇవ్వం అన్నారు. పేరుకు ఒక్క పైసా ఇచ్చినా చాలన్నారు. అయినా ఇవ్వలేదు. అంగళ్లలో వాళ్లకు సరుకులు ఆగాయి. అంతలో వాళ్లలో ఒకరి పిల్లకే మశూచి సోకింది. సంఘపెద్ద వచ్చి ప్రార్థన చేయమంటే హీబర్ట్ చేశారు. వారానికి పిల్ల పోయింది. ఓడిపోయానని కుంగిపోయిన మాట ఆయన దాచలేదు.

ఆ పెద్ద మళ్లీ వచ్చాడు. పిల్ల బతికితే ఊరు మన దేవుణ్ణి ఒప్పుకునేదే, కానీ ఎన్నటికైనా పోవాల్సిన ప్రాణమే కదా, సమాధి దగ్గర, తిరిగి లేస్తామన్న మన నిరీక్షణ ఏమిటో ఊరంతా చూసింది అన్నాడు.