గడప యొద్ద ఆగిన అడుగు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును నిలిపిన ఈ గ్రంథాలయ సభలో వైద్యవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను అనేక వ్యాధులను వర్ణింపబోను. ఒక్క గడపను గూర్చి చెప్పెదను.

మా తండ్రిగారు పండ్రెండేండ్లు పార్కిన్సను వ్యాధితో బాధపడిరి. చివరి దినములలో వారు వసారాలో కొంత బాగుగనే నడచెడివారు. గడప యొద్దకు రాగానే పాదములు నేలకు అంటుకొనినట్లు నిలిచిపోయెడివారు. ఒకనాడు నేను తొందరపడి, "రండి నాన్నగారూ, ఇంకెంతసేపు?" అని చేయిపట్టి లాగితిని. దేహము ముందునకు వచ్చినది, పాదములు రాలేదు. వారు పడిరి. తుంటి యెముక విరిగినది. మరల లేచి నడువలేదు. వైద్యుడనై యుండియు నేను చేసిన ఆ తప్పు మరియొక యింట జరుగకుండుటకే ఈ ప్రసంగము.

1817లో లండను వైద్యుడైన జేమ్సు పార్కిన్సను ఈ వ్యాధిని వర్ణించెను. మన ఆయుర్వేదమున దీనిని పోలినది కంపవాతము. మెదడు లోతున నల్లగా కనుపించు చిన్న భాగమొకటి గలదు. అందలి కణములు డోపమిను అను రసాయనమును పుట్టించును. ఆ కణములు క్రమముగా నశించుటచే, మనము తలపకయే చేయు పనులు రోగికి తలచి చేయవలసిన పనులగును. అడుగు చిన్నదగును; పాదము ఈడ్చుకొనిపోవును. వ్యాధి ముదిరిన పిమ్మట ద్వారములయందును, మలుపులయందును, ఇరుకు చోట్లను నడక హఠాత్తుగా ఆగిపోవును. ఇది కాళ్లలో బలము లేక వచ్చినది కాదు. సోమరితనము అంతకంటెను కాదు.

దీనికి ముఖ్యమైన మందు లెవోడోపా. 1960 దశకమున వాడుకలోనికి వచ్చిన ఈ మందును మించినది నేటికిని లేదు. మన దూలగొండి గింజలయందును ఇది గలదు. కాని మోతాదు తెలియక స్వయముగా వాడరాదు. మందును నియమిత వేళకు, భోజనమునకు అరగంట ముందు పుచ్చుకొనుట మేలు; ఏలయన పప్పు, పాలు, మాంసములందలి మాంసకృత్తులు కొందరిలో దాని పనికి అడ్డు వచ్చును. హఠాత్తుగా మానరాదు. నడక ఆగు వేళలను కాగితముపై వ్రాసి వైద్యునకు చూపవలెను. మందు బలము తగ్గిన వేళనే ఆగుచున్నచో మోతాదు మార్చి మేలు చేయవచ్చును.

మెదడులో విద్యుత్తంతువు నమర్చు శస్త్రచికిత్స హైదరాబాదు నిమ్సు వంటి చోట్ల జరుగుచున్నది. అయితే మందునకు లొంగని నడక సామాన్యముగా దానికిని లొంగదు. 2023లో స్విట్జర్లండునందలి లోజాను వైద్యులు ఒక రోగి వెన్నుపాముపై విద్యుత్ప్రేరణ నిచ్చి నడక మెరుగుపరచినట్లు ప్రకటించిరి. అది ఆశాజనకమే, కాని ఇంకను అందరకు అందు చికిత్స కాదు.

అందరకు అందునది వేరొకటి గలదు. తనంతట తాను సాగని అడుగు, కంటికి ఒక గుర్తు కనుపించినచో, చెవికి ఒక తాళము వినిపించినచో, తరచుగా సాగును. నడచు దారిలో అడుగుకొక అడ్డగీత సున్నముతో గీయుడు; రోగి దానిని దాటుటకు పాదమెత్తును. భజన తాళమువలె ఒకటి, రెండు అని లెక్కింపుడు. పాదము ఆగినచో లాగకుడు. ఆగనిండు. నిటారుగా నిలిచి, దేహభారమును ఒక ప్రక్కకు ఒరిగించి, రెండవ పాదముతో పెద్ద అడుగు వేయుమనుడు. నడచునప్పుడు మాటలు పెట్టకుడు. చేత చెంబు ఈయకుడు. మలుపున ఉన్నచోటనే గిరుక్కున తిరుగనీయక, విశాలముగా చుట్టి రమ్మనుడు. జారు పట్టాలను, కాలికి తగులు సామానును తీసివేయుడు.

తుదకొక మనవి. ఈ గ్రంథాలయమునకును ఒక గడప గలదు. దినపత్రిక చదువుటకు వచ్చు వృద్ధులలో ఎవరేని అచట ఆగిపోవచ్చును. ఆ గడప ముందు ఒక తెల్లగీత గీయింపుడు. లోపల చేతులుగల కుర్చీ నొకటి వేయింపుడు. వెనుక నున్నవారు ఒక నిమిషము ఓపిక పట్టుడు. ఆ నిమిషమును మా తండ్రిగారికి నేను ఈయనైతిని.

సెలవు.