వెబ్‌సైటుకు పేరు, చోటు: ఎంచుకునే విధము

(నంద్యాల యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మమ్మల్ని మాట్లాడమన్న విషయం చిన్నదిగా కనబడుతుంది. సొంత వెబ్‌సైటు పెట్టుకోదలచినవారు దానికి పేరెలా ఎంచుకోవాలి, దాన్ని ఏ చోట ఉంచాలి అన్నది. మేము కంప్యూటరు పండితులం కాము. అయితే ఈ విషయంలో మా మాట విని ఒక పిల్లవాడు నష్టపోయినాడు. ఆ సంగతి దాచకుండా చెప్పి, మీరు అదే పొరపాటు చేయకుండా చూడడమే మా ఉద్దేశము.

ముందుగా రెండు మాటలకు తేడా తెలుసుకోవాలి. డొమైన్ అంటే పేరు. హోస్టింగ్ అంటే చోటు. మన జిల్లావారికి ఇది సులభంగా అర్థమవుతుంది. 1960లో మొదలైన శ్రీశైలం ప్రాజెక్టు 1981లో పూర్తయింది. ఆ నీళ్ళలో కృష్ణ ఒడ్డు పల్లెలు ఎన్నో మునిగినాయి. జనం ఎత్తు మీదికి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఇల్లు మారింది, వీధి మారింది, బావి మారింది. చాలామంది ఊరిపేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు. చుట్టాలు ఆ పేరు చెప్పుకొనే వెతుక్కుంటూ వచ్చినారు. డొమైన్ కూడా అటువంటిదే. మన వెబ్‌సైటు ఉండే కంప్యూటరు ఈ రోజు ముంబైలో ఉండవచ్చు, రేపు హైదరాబాదుకు మార్చుకోవచ్చు. పేరు మన చేతిలో ఉంటే చూసేవారికి ఆ మార్పు తెలియనే తెలియదు. పేరు పోయిందంటే మాత్రం ఎంత మంచి ఇల్లు కట్టుకున్నా దారి తెలిసి వచ్చేవాడుండడు.

ఇప్పుడు మా తప్పు సంగతి. ఆళ్లగడ్డలో పెళ్ళి ఫోటోలు తీసే కుర్రవాడొకడు మా దగ్గరకు వచ్చి, "చాచా, నా పేరుమీద వెబ్‌సైటు పెట్టుకోవాలనుకుంటున్నా. యాడ చేయించుకోవాల?" అని అడిగినాడు. "తెలిసిన షాపు ఉంది లేరా, వాళ్ళకే అప్పజెప్పు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అన్నాము. వాళ్ళు నిజంగానే అన్నీ చూసుకున్నారు. పేరును తమ పేరునే, తమ ఈమెయిలుతోనే నమోదు చేసుకున్నారు. రెండేళ్ళు బాగానే నడిచింది. పిల్లవాడు ఆల్బమ్ అట్టలమీదా, కార్డులమీదా ఆ చిరునామా అచ్చువేయించుకున్నాడు. మూడో ఏడు షాపు మూతబడింది. గడువు ముగుస్తుందని హెచ్చరించే ఈమెయిళ్ళు ఆ షాపువారికే పోయినాయి. ఎవరో ఆ పేరును పట్టుకుని పేకాట పందేల ప్రకటనలు పెట్టినారు. ఒక పెళ్ళికూతురి తండ్రి ఫోను చేసి, "ఏమి నాయనా, మంచివాడివని పిలిస్తే నీ కార్డులో ఇదేంది?" అన్నాడట. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనివుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

కాబట్టి సోదరులారా, మొదటి మాట ఇదే. వెబ్‌సైటు ఎవరిచేతనైనా చేయించుకోండి, పేరు మాత్రం మీ పేరున, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో నమోదు కావాలి. భూమి కొని పట్టా మేస్త్రీ పేరున రాయించుకుంటామా? ఇంకొక జాగ్రత్త. ఆ ఈమెయిలు అదే డొమైనుమీద ఉన్నది కాకూడదు. పేరు ఆగితే ఆ ఈమెయిలూ ఆగుతుంది, తాళంచెవి ఇంటిలోపలే పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ఇక పేరు ఎంపిక. పొట్టిగా ఉండాలి. ఫోనులో ఒకసారి చెబితే ఎదుటివాడు తప్పులేకుండా రాసుకోగలగాలి. మధ్యలో గీతలు, అంకెలు వద్దు. మన పేర్లతో ఒక చిక్కుంది. షేక్ అన్నమాటనే ఇంగ్లీషులో కొందరు చివర కె ఒక్కటే పెట్టి రాస్తారు, కొందరు కె తరువాత హెచ్ కూడా చేరుస్తారు. మహబూబ్, బాషా కూడా అంతే. ఆళ్లగడ్డకు ఎన్ని డీలు అన్నా ఒక్కొక్కరిదీ ఒక్కొక్క లెక్క. మీ సర్టిఫికెట్లలో ఉన్న స్పెల్లింగే తీసుకోండి. జనం తరచు ఇంకోవిధంగా రాస్తారనుకుంటే, వీలైతే అదీ నమోదు చేసి అసలుదానికి మళ్ళించండి.

పేరును పోలిన పేరు ఎంత ప్రమాదమో చెప్పడానికి శ్రీశైలమే చాలు. అక్కడి వసతిగదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి యాత్రికుల దగ్గర డబ్బు గుంజిన సంగతులు ఈ మధ్య సంవత్సరాలలో పత్రికలలో వచ్చినాయి. చివర డాట్ గవ్ డాట్ ఇన్ అన్నది ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. డాట్ కామ్, డాట్ ఇన్ ఎవరికైనా దొరుకుతాయి. డాట్ కామ్ 1985 నుంచి ఉంది. మన దేశపు డాట్ ఇన్ 2005లో అందరికీ తెరిచినారు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. వ్యక్తిగత వెబ్‌సైటుకు డాట్ ఇన్ గాని, డాట్ కామ్ గాని చాలును.

ఉచితం అన్నచోట ఆగి ఆలోచించండి. డాట్ టీకే వంటి పేర్లను ఊరకే ఇచ్చిన ఫ్రీనమ్ సంస్థ 2023లో కొత్త నమోదులు ఆపివేసింది, 2024లో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అంతకుముందు లక్షలమంది ఉచితంగా పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 2009లో యాహూ మూసివేసింది. తక్కువ ధర అన్నా జాగ్రత్తే. మొదటి ఏడు వంద, రెండువందలకు ఇచ్చి, రెండో ఏటినుంచి వెయ్యికి పైన అడిగేవారున్నారు. రెన్యూవల్ ధర ఎంతో ముందే చూసుకోండి. పేరును ఒకేసారి పదేళ్ళవరకు నమోదు చేసుకోవచ్చు. డాట్ కామ్ గడువు దాటితే సాధారణంగా కొన్ని వారాలు మామూలు రుసుముతో, ఆ తరువాత 30 రోజులు ఎక్కువ రుసుముతో తిరిగి తెచ్చుకునే వీలుంది. అదీ దాటితే 5 రోజులకు అది ఎవరికైనా దొరుకుతుంది.

చోటు విషయం ఇంత చిక్కు కాదు. పరిచయం, పది ఫోటోలు, ఫోను నంబరు ఉండే పేజీకి పెద్ద సర్వరు అక్కరలేదు. గిట్‌హబ్ పేజెస్ వంటివి 1 జీబీ వరకు ఊరకే ఇస్తాయి. ఉచిత పేరు వద్దని చెప్పి ఉచిత చోటు మంచిదంటున్నారేమని అడుగుతారు. పేరు మనదైతే, ఆ చోటు పోయినా ఇంకొక చోటికి మారవచ్చు. వ్యాపారం పెరిగితే షేర్డ్ హోస్టింగ్ తీసుకోండి. "అన్‌లిమిటెడ్" అన్నా లోపల షరతులుంటాయి, చదవండి. వెబ్‌సైటు భద్రతా సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టనక్కరలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అన్న సంస్థ 2015 నుంచి ఆ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తున్నది. పేరూ చోటూ ఒకే కంపెనీ దగ్గర పెట్టకుండా ఉంటే మరీ మంచిది. ఫైళ్ళ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఆ ఆళ్లగడ్డ అబ్బాయి తరువాత ఇంకో పేరు తీసుకున్నాడు. ఈసారి తానే కూర్చొని, తన పేరుననే నమోదు చేసుకున్నాడు. మేము పక్కన కూర్చొని చూసినాము, అంతే. అయితే పాత ఆల్బములు ఎన్నో ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వాటిమీది చిరునామాను ఎవరూ చెరపలేరు.

కనుక ఇప్పటికే వెబ్‌సైటు ఉన్నవారికి మా మనవి ఒకటే. ఈ రాత్రి ఇంటికి పోయినాక మూడు సంగతులు చూసుకోండి: పేరు ఎవరి పేరున ఉంది, ఏ ఈమెయిలుతో ఉంది, గడువు ఏ తేదీ. మూడింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా నిద్రపోవచ్చు. దొరకకపోతే రేపు పొద్దున్నే ఆ చేయించినవారి దగ్గరకు పోయి, మొహమాటం లేకుండా అడగండి.