పాత తరంగాల్లో కొత్త సాగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు ఫోన్‌లో మాట వినబడితే చాలనుకున్నాం. ఇప్పుడు పత్తి చేన్లో నిలబడి సినిమా చూస్తున్నాం. ఏం మారిందని చాలామంది అడుగుతుంటారు. టవర్ మీది పరికరాలు మారాయి. వాటితో పాటు తరంగాలను వాడే తీరు మారింది.

ఫోన్లకు కేటాయించిన తరంగాల జాగాను స్పెక్ట్రమ్ అంటాం. అది చెలక లాంటిది. కొత్తగా పుట్టదు, పంట మార్చుకోవాల్సిందే. ఇంజినీర్లు కూడా ఈ పనిని రీఫార్మింగ్ అనే అంటారు. అంటే తిరిగి సాగు చేయడం.

2జీలో ఒక్కో మడి వెడల్పు 200 కిలోహెర్ట్జ్. అలాంటి 25 మడుల గట్లు తీసేస్తే 5 మెగాహెర్ట్జ్ చెలక అవుతుంది. 4జీ దాన్నంతా ఒక్కటిగా దున్ని, ఎవరికి ఎంత కావాలో క్షణక్షణానికీ పంచుతుంది. అందులోనూ 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఊళ్లకు బంగారం. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలను కూడా మెరుగ్గా దాటుతుంది.

రాష్ట్రం వేరైనా టెలికాం లెక్కల్లో మనది ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిలే. 1990ల నాటి లైసెన్సుల గడువు ముగుస్తుండగా, 2015 మార్చిలో 900 బ్యాండ్‌ను వేలం వేశారు. వేలంలో కొన్న స్పెక్ట్రమ్‌లో ఏ టెక్నాలజీనైనా నడుపుకోవచ్చు. 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి ఎయిర్‌టెల్ తన 3జీని మూసేస్తూ, 900ను 4జీకి మళ్లించింది.

రిలయన్స్, టాటా ఇండికామ్ సీడీఎంఏ ఫోన్లు గుర్తున్నాయా? అవి నడిచిన 800 బ్యాండ్‌లోనే తర్వాత జియో 4జీ వచ్చింది. పాత ఫోన్లు మూలన పడ్డాయి.

మరి 3జీ ముందు పోయి, అంతకన్నా పాతదైన 2జీ ఎందుకు నిలిచింది? బటన్ ఫోన్ల వల్ల. 3జీ పోయినా ఆ ఫోన్లవాళ్లకు మాట్లాడుకోవడానికి 2జీ ఉంది. 2జీ పోతే మన అవ్వ, తాత చేతిలోని ఫోన్ మూగబోతుంది.

ఇంకొకటి మనం మరిచిపోతున్నాం. బాయి కాడ మోటారును ఇంటి నుంచే ఆన్ చేసే మొబైల్ స్టార్టర్లలోనూ సిమ్ ఉంటుంది. వాటిలో చాలా పాతవి 2జీవే. ఫోన్ మూగబోతే మనిషి ఆ రోజే గుర్తిస్తాడు. స్టార్టర్ మూగబోతే రాత్రిపూట రైతు మళ్లీ టార్చిలైటు పట్టుకొని పొలానికి పోవాలి. పాములు, కరెంటు తీగలు మీకు తెలియనివి కావు.

కొత్త సాగు వద్దని నేననను. పిల్లల ఆన్‌లైన్ చదువుకు అది కావాలి. కానీ ముందే సిద్ధపడదాం. ఇంటి పెద్దలకు బటన్ ఫోన్ కొంటే 4జీలో మాట్లాడగలిగేదే కొనండి. స్టార్టర్ కొనేటప్పుడు అది ఏ నెట్‌వర్క్‌దో అడగండి. ఈ సంఘం తరఫున వాడవాడకూ ఇద్దరు కూర్చొని, ఎవరి దగ్గర 2జీ పరికరాలున్నాయో రాసిపెడితే, మూసివేత కబురు వచ్చిననాడు ఎవరింటికి ముందు పోవాలో మనకు తెలుస్తుంది.