మాట కాదు, మీటరు చెప్పాలి

(విశ్వవిద్యాలయ ఉద్యోగుల ఆరోగ్య అవగాహన సదస్సు కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



షుగరు వ్యాధిగ్రస్తులను "పథ్యం చేస్తున్నారా?" అని అడగండి. చాలామంది "చేస్తున్నామండీ" అంటారు. అది అబద్ధమని కాదు. పథ్యం చేసిన రోజులు గుర్తుంటాయి, తప్పిన రోజులు మరుగున పడతాయి. అందుకే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తారు. గడచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉన్నదో అది తెలియజేస్తుంది.

పర్యావరణం విషయంలో మనమందరం ఇలాంటివారమే. ఆచార్యుని మొదలు అటెండరు వరకు ఎవరిని అడిగినా "గది విడిచేటప్పుడు ఫ్యాను ఆపుతాను, కాగితం రెండువైపులా వాడతాను" అంటాం. ఈ అలవాట్లను కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా ప్రశ్నపత్రాలనే ఇస్తారు. ఆ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చు? కార్మోస్, గిఫర్డ్ అనే పరిశోధకులు పూర్వపు అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ఫలితం ప్రకటించారు. చెప్పినదానికీ చేసినదానికీ మధ్య సంబంధం 0.46 మాత్రమే. రెండూ పూర్తిగా కలిస్తే అది 1 కావాలి. అంటే మన మాటలో కొంత నిజమున్నది, కాని మాట ఒక్కటే చాలదు.

మరి ఏమి కొలవాలి? ఓన్స్, డిల్‌చర్ట్ అనే శాస్త్రవేత్తలు ఉద్యోగుల ప్రవర్తనను ఐదు భాగాలు చేశారు.

1. వనరులను పొదుపుగా వాడటం.
2. కాలుష్యం వంటి హాని కలుగకుండా చూడటం.
3. పని పద్ధతులను మార్చుకోవడం.
4. తోటివారికి నేర్పి ప్రోత్సహించడం.
5. తానే చొరవ తీసుకోవడం.

ఎలా కొలవాలి? ప్రతి భవనం కరెంటు మీటరును వారానికొకసారి వ్రాసుకోండి. భోజన విరామంలో ఖాళీ గదులలో తిరుగుతున్న ఫ్యాన్లను లెక్కపెట్టండి. స్టోరు నుండి వెళ్ళిన కాగితపు కట్టలు లెక్కించండి. చెత్తను తూకం వేయండి. ఏప్రిల్ నెలను డిసెంబరుతో పోల్చవద్దు. గత ఏప్రిల్‌తోనే పోల్చండి. లేకపోతే ఎండల ప్రభావాన్ని మన అలవాటుగా పొరబడతాం.

మరొక జాగ్రత్త. ఎవరి పేరూ వ్రాయకండి. నిఘా ఉన్నదని తెలిస్తే ఆ పూట మాత్రమే జాగ్రత్తపడతారు. పది ఫ్యాన్లకు ఒకటే స్విచ్చి ఉంటే తప్పు ఉద్యోగిది కాదు, వైరింగుది. కొలత నేరం మోపడానికి కాదు, లోపం సరిచేయడానికి.

ఆరోగ్య సదస్సులో ఈ లెక్కలెందుకని మీరు అడగవచ్చు. 75 వాట్ల ఫ్యాను ఖాళీ గదిలో 8 గంటలు తిరిగితే 0.6 యూనిట్లు ఖర్చవుతాయి. అలాంటివి 20 ఉంటే రోజుకు 12 యూనిట్లు! మన దేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గు నుండే వస్తున్నది. ఆ పొగలోని సూక్ష్మ ధూళి ఊపిరితిత్తులకు, గుండెకు కీడు చేస్తుంది. ఆయాసపడే బిడ్డకూ, మనం ఆపకుండా వచ్చిన ఫ్యానుకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

కాబట్టి "నేను జాగ్రత్తపరుడనే" అని చెప్పుకొనే ముందు ఒక్క వారం లెక్క వ్రాసి చూడండి. ఆ అంకె మిమ్మల్ని సిగ్గుపరిస్తే నిరాశపడకండి. రోగం బయటపడిన రోజే వైద్యం మొదలయ్యే రోజు.