రాకపోకలు – సంఘ పుస్తకము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్లలో ఎందరు విశ్వాసులు చేరారో పెద్దలు లెక్క చెప్పారు. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న మా సీలేరు వంటి చోట ఆ లెక్క ఒక్కటే చాలదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎవరి సంపాదన ఎక్కడ నిలిచింది అన్నది కూడ మనము చూడవలెను.

1967–68లో ఎగువ సీలేరు విద్యుత్ కేంద్రము మొదటి యూనిట్లు నడవనారంభించాయి. 1994–95లో మరి రెండు చేరి సామర్థ్యము 240 మెగావాట్లు అయింది. ఆ పనుల వెంట మైదానము నుండి ఇంజనీర్లు, ఫిట్టర్లు, మేస్త్రీలు, దుకాణదారులు కుటుంబములతో వచ్చారు. క్వార్టర్లు వెలిశాయి. అయితే నిర్మాణము ముగియగానే కూలివారు వేరొక పనికి పోతారు. ఉద్యోగి బదిలీ మీదనో, రిటైరయ్యో పోతాడు. అతనితో జీతము, పింఛను, చందా అన్నీ ఘాటు దిగుతాయి. 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ప్రకారము ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. కనుక వారు దాచుకొన్న సొమ్ము నర్సీపట్నములోనో విశాఖలోనో ఇల్లుగా మారుతుంది. ఆ చట్టము గిరిజనుని భూమికి కంచె. దానిని తప్పు పట్టరాదు. జీతము వచ్చే ఊరు వేరు, అది నిలిచే ఊరు వేరు అని మాత్రము మనము గ్రహించాలి.

రెండవ రాకపోక మరొక రకము. ఒడిశా కొండల నుండి వచ్చి పోడు చేసుకొన్న కోందు కుటుంబములు ఈ ప్రాంతములో ఉన్నాయి. ఈ కొండల నుండే, పంట ఇంటికి చేరాక, భార్యాభర్తలు మిరప కోతలకు మైదానము వెళ్తారు. వారు కాపురము మార్చినవారు కారు. క్రిస్మసుకు ఇంట ఉంటారు, శ్రమదినములలో కానరారు. పిల్లలు అవ్వతాతల దగ్గర మిగులుతారు, లేదా బడి మాని వెంట పోతారు. తెచ్చిన కూలి అప్పు తీర్చేసరికి సరి. గూడెం కొత్తవీధి, చింతపల్లి వైపు కాఫీ, మిరియాల తోటలున్న ఇండ్లకు కొండ మీదనే కొంత డబ్బు చేతికి వస్తుంది. అటువంటి ఆదాయము పెరిగితే గాని ఈ వెళ్లుట తగ్గదు.

ప్రియులారా, ఉద్యోగి వెళ్లేటప్పుడు సంఘము వీడ్కోలు సభ పెట్టి, దండ వేసి, బదిలీ పత్రము ఇస్తుంది. కూలికి పోయిన కుటుంబము పేరు ఎదుట ‘గైరుహాజరు’ అని వ్రాస్తారు. పోయేవాని ఆదాయమును బట్టి ఆ మాట మారవచ్చునా?

కరవు కాలములో నయోమి కుటుంబము బేత్లెహేము విడిచి మోయాబుకు పోయింది. పదేండ్ల పిమ్మట ఆమె వట్టి చేతులతో తిరిగివచ్చినా, ఊరివారు ఆమెను గుర్తించారు. ఆమె వెంట వచ్చిన పరదేశి రూతుకు పొలములో పరిగె దొరికింది. వెళ్లి వచ్చినవారిని, కొత్తగా వచ్చినవారిని ఒకే ఊరు ఆదరించింది.

కనుక మూడు మనవులు. కోతలకు వెళ్లే ప్రతి కుటుంబమునకు గురువు చేతి ఉత్తరము ఇవ్వాలి. మైదానపు సంఘములు ఆ ఉత్తరము చూచి వారిని బల్ల యొద్దకు పిలవాలి. ఇక్కడ మిగిలిన పిల్లల అన్నము, బడి సంగతి స్త్రీల సమాజము చూడాలి. రెండవ నూరేండ్ల పుస్తకములో వారి పేర్లు చెరగకుండ ఉండుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.