ఎదురుగాలిలో చిన్న పడవ



"గాలివాటం మనిషి" అనే మాట మనకి కొత్త కాదు. తనకంటూ ఒక దారి లేకుండా, గాలి ఎటు వీస్తే అటు పోయేవాణ్ణి అలా అంటాం. తెరచాప పడవ కూడా అంతేనని చాలాకాలం అనుకున్నాను. మా అమ్మాయి తొమ్మిదో ఏట పడవ పందాల్లో చేరాక నా అభిప్రాయం మారింది.

తను నడిపే పడవ పేరు ఆప్టిమిస్ట్. అది పుట్టింది మేముండే టాంపాకి పక్కనే, క్లియర్‌వాటర్‌లో. అక్కడి పిల్లల కోసం 50 డాలర్ల లోపు తయారయ్యే పడవ కావాలని క్లిఫర్డ్ మెకే అడిగితే, క్లార్క్ మిల్స్ అనే పడవల తయారీదారు 1947లో దీన్ని గీశాడు. రెండు ప్లైవుడ్ పలకల్లోంచి పడవంతా రావాలి. అందుకే ముక్కు కోసుగా ఉండదు, నలుచదరంగా తెగ్గోసినట్టు ఉంటుంది. చూడ్డానికి స్నానాల తొట్టికి తెరచాప కట్టినట్టే! పొడవు ఎనిమిది అడుగులకి కాస్త తక్కువ, చట్రం బరువు 35 కిలోలు. నడిపేది ఒక్కరే. 15 ఏళ్ళ లోపు పిల్లలు వందకు పైగా దేశాల్లో దీన్ని నడుపుతున్నారు. మన హుస్సేన్ సాగర్‌లో కూడా ఇవి కనిపిస్తాయి.

ఇలాంటి వాటిని వన్ డిజైన్ పడవలంటారు. కొలతలు, బరువు అన్నీ నిబంధనల ప్రకారమే ఉండాలి. ధనవంతుడి పిల్లవాడి పడవ, పక్కవాడి పడవ ఒక్కటే అన్నమాట. మరి ఒకరు ముందు, ఒకరు వెనక ఎందుకొస్తారు? అమర్చుకోవడంలోనూ నడపడంలోనూ ఉంది తేడా అంతా.

ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు. కానీ సుమారు 45 డిగ్రీలు పక్కకి తిరిగి, కాసేపు ఇటూ కాసేపు అటూ మెలికలు తిరుగుతూ ఎదురుగాలిలో పైకి ఎక్కగలదు. అడుగున నీళ్ళలోకి దించిన పలక పడవని పక్కకి జారనివ్వదు. పందెంలో అసలు పరీక్ష ఈ ఎదురు ప్రయాణమే. చాప సరిగ్గా అమరకపోతే ఇక్కడే వెనకబడిపోతారు.

మొదటి సంవత్సరం మా అమ్మాయి 20 పడవల్లో 17, 18 స్థానాల్లో వస్తుండేది. నేను చేసిన పని ఏమిటంటారా? కొత్త తెరచాప కొన్నాను. అయినా మళ్ళీ పద్ధెనిమిదే! అది చాలక, ప్రతి తాడూ నేనే బలంగా లాగి బిగించేవాణ్ణి. గట్టిగా ఉంటేనే పని చేస్తుందని నా లెక్క.

ఒకరోజు కోచ్ వచ్చి చాప వైపు వేలు చూపించాడు. ఆప్టిమిస్ట్ చాప పై చివరని ఏటవాలుగా ఒక సన్నని కర్ర ఎత్తి పట్టుకుంటుంది. దాన్ని స్ప్రిట్ అంటారు. దాన్ని మరీ బిగిస్తే చాప పై చివర నుంచి మాస్ట్ మొదట్లో ఉన్న మూలకి ఒక ముడత పడుతుంది. మరీ వదులైతే ముడత రెండో ఐమూలగా, అంటే మాస్ట్ పక్కనున్న పై మూల నుంచి వెనక కింది మూలకి పడుతుంది. మా చాప మీద మొదటి రకం ముడత స్పష్టంగా ఉంది. ఆ రోజు గాలి తక్కువ. కోచ్ తాడు వేలెడంత వదిలాడు. ముడత పోయింది, చాప నిండుగా పొంగింది.

మిగతావీ అలాంటివే. గాలి తక్కువున్నప్పుడు కింది అడ్డకర్ర చివరి తాడు కాస్త వదిలితే చాపకి లోతు వస్తుంది. గాలి పెరిగితే బిగించి చదును చెయ్యాలి. చాపని మాస్ట్‌కి కట్టే చిన్న ముళ్ళ దగ్గర సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. పడవ మాటిమాటికీ గాలివైపు తిరగబోతూ ఉంటే, ఒక పక్కకి ఒరిగి నడుస్తోందేమో మొదట చూడాలి. నిటారుగా ఉన్నా అలాగే చేస్తుంటే మాస్ట్‌ని కొద్దిగా ముందుకి వాల్చాలి. ఇవన్నీ ఆ రోజు నుంచి తనే చేసుకుంటోంది. నాకు తాళ్ళు ముట్టుకునే అనుమతి లేదు!

మరుసటి నెల పందెంలో బైనాక్యులర్స్‌తో ఒడ్డున నిలబడ్డాను. బయలుదేరడానికి అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలకి ఇంకొకటి ఎగరేస్తారు. ఆ రెండోదాన్ని ఒక నిమిషం ఉందనగా దించుతారు. ఆ కాసేపూ పిల్లలంతా గీత వెనక చోటు కోసం తిరుగుతుంటారు. ఈసారి మా అమ్మాయి మంచి చోట బయలుదేరింది. మొదటి మార్క్ దగ్గరికి, అంటే నీళ్ళమీద తేలే నారింజరంగు బుడ్డ దగ్గరికి తొమ్మిదోదిగా చేరింది. నా ఆనందం చెప్పలేను.

అంతలో పడవ ఉన్నట్టుండి పక్కకి జరిగి, గిరుక్కున ఒక పూర్తి చుట్టు తిరిగింది. నలుగురు దాటిపోయారు. పట్టు తప్పిందేమోనని కంగారుపడ్డాను. ఒడ్డుకి వచ్చాక అడిగితే "మార్క్‌కి తగిలాను నాన్నా" అంది. మార్క్‌కి తగిలితే ఒక చుట్టు తిరగాలి, అది నిబంధన. ఈ ఆటలో చాలావరకు తప్పు చేసినవాళ్ళే ఒప్పుకుని తిరగాలి.

సిగ్గుతో చెప్తున్నాను, నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరైనా చూశారా?"

తను అర్థం కానట్టు నా వైపు చూసింది. "లేదనుకుంటా. ఎందుకూ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రాంకులు, మార్కులు, స్పెల్లింగ్ బీలు అంటూ పిల్లల వెంటపడే మనం ఎప్పుడైనా ఈ ప్రశ్న అడిగి ఉంటాం. ఆ రోజు పదమూడో స్థానంలో వచ్చిన పిల్ల నాకు దాన్ని తిప్పి అడిగింది.

మీ ఊళ్ళో చెరువో సముద్రమో ఉంటే, పిల్లలకి సెయిలింగ్ నేర్పే చోటు ఉందేమో కనుక్కోండి. చాలాచోట్ల పడవ వాళ్ళే ఇస్తారు, కొనక్కర్లేదు. ముందు ఈత నేర్పించండి. లైఫ్ జాకెట్ లేకుండా నీళ్ళలోకి పంపొద్దు. తాళ్ళు మాత్రం వాళ్ళనే కట్టుకోనివ్వండి.

సెలవు.